పాసంగం: షుగర్ కొలత వెనక తారీఖ్



పోయిన రంజాన్‌లో పదకొండో రోజా నాటి సంగతి. సహరీకి ఇంకా టైముంది, రాత్రి రెండు గంటలు. ఫోన్ మోగింది. రియాద్ నుంచి తమ్ముడు. "భయ్యా, జల్దీ అబ్బాను లేపండి. షుగర్ 54కి పడిపోయింది" అన్నాడు. గొంతు వణుకుతోంది.

అబ్బా ఎడమ చేతికి సెన్సర్ పెట్టి అప్పటికి నాలుగు రోజులు. రెండు రూపాయల బిళ్లంత తెల్లని బిళ్ల, దాని కింద చర్మంలోకి దిగిన వెంట్రుకంత తీగ. కొన్ని నిమిషాలకోసారి ఒక అంకె అబ్బా ఫోన్‌కి, అక్కడి నుంచి సముద్రం దాటి తమ్ముడి ఫోన్‌కి పోతుంది. అది కొనిచ్చింది కూడా తమ్ముడే. దూరాన ఉన్న కొడుక్కి అదొక తసల్లీ.

నేను ఉరికాను. అబ్బా ఎడమ పక్కకు ఒత్తిగిలి, చేతిని ఒంటి కింద పెట్టుకుని నిద్రపోతున్నారు. లేపి కూర్చోబెట్టి గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి తాగించాను. పైన నాలుగు ఖర్జూరాలు పెట్టాను. "నాకేం కాలేదు బేటా" అంటూనే తిన్నారు. అప్పుడు అమ్మీ లేచొచ్చి, తడిగుడ్డతో ఆయన వేలు తుడిచి, గుచ్చి, పాత స్ట్రిప్ మిషన్‌లో చుక్క పెట్టింది. 126. చక్కెర ఇంకా ఒంట్లోకి దిగనే లేదు. సహరీ టైముకు 260 దాటింది. ఆ రోజంతా అబ్బా నోరు ఎండిపోయి, గంటకోసారి బాత్రూంకి తిరుగుతూ రోజా గడిపారు.

"నీ తమ్ముడు పంపిన మిషన్ ఝూటా" అని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పుకు ఎనిమిది రోజుల తర్వాత మేం కట్టిన ఖీమత్ ఏమిటో చివర్లో చెప్తాను. ముందు ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అని నేను వెతుక్కుంటూ పోయిన దారి చెప్పాలి. తారీఖ్ అంటే మన ఇళ్లలో కేలెండర్ మీది తేదీ, చరిత్ర కూడా. షుగర్ కొలతకి వందల ఏళ్ల తారీఖ్ ఉంది.

అయితే అంతకంటే ముందు మా దుకాణం గురించి ఒక మాట.

అబ్బా నంద్యాలలో నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు. పొద్దున షట్టర్ ఎత్తగానే మొదటి పని, ఖాళీ తరాజు ఎత్తి పట్టుకోవడం. ముల్లు నడిమధ్య నిలబడకపోతే తేలికైన తట్టకు చిన్న రాయో ఇనుప ముక్కో కట్టేవారు. దాన్నే పాసంగం అంటారు. ఫార్సీలో పాసంగ్. సంగ్ అంటే రాయి. ఎక్కడి మాటో మన తెలుగు కొట్ల దాకా నడిచొచ్చింది. చిన్నప్పుడు నేను అడిగాను, "అబ్బా, మన తరాజు ఖరాబ్ అయిందా?" అని. "వంకర లేని తరాజు దునియాలో లేదు బేటా. ఎంత వంకరో చూసుకోని దుకాణదారే చెడ్డవాడు" అన్నారు.

షుగర్ కొలత తారీఖ్ మొత్తం చదివాక నాకు ఈ మాటే మళ్లీ గుర్తొచ్చింది.

ఖారూరా చూసే కాలం

ఈ మర్జ్ కొత్తది కాదు. మూత్రానికి చీమలు పడతాయని మన దేశపు పాత వైద్యులు రాసిపెట్టి, మధుమేహం అని పేరు పెట్టారు. ఇబ్నె సీనా తన అల్ కానూన్‌లో దీన్ని వర్ణించారు. తాగిన నీరు తాగినట్టే కిందికి పోతుంది కాబట్టి అరబ్బీ వైద్యంలో దూలాబ్, అంటే నీటి చక్రం, అనే పేరు కూడా ఉండేది. పదమూడో శతాబ్దంలో అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ ఈ ఒక్క మర్జ్ మీదే ఒక రిసాలా రాశారు. యునానీ హకీములు ఇప్పటికీ జియాబితుస్ అనే అంటారు.

ఆ కాలపు హకీముకు కొలత అంటే నబ్జ్, ఖారూరా. ఖారూరా అంటే గాజు బుడ్డిలో పట్టిన పేషాబ్. దాని రంగు, చిక్కదనం, వాసన చూసి అందాజ్ వేసేవారు. అందులో తజుర్బా ఉండేది, అంకె ఉండేది కాదు.

1776లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో మాథ్యూ డాబ్సన్ అనే డాక్టర్ రోగి మూత్రాన్ని మరగబెట్టి ఇగిరించి చూశాడు. అడుగున తెల్లని గడ్డ మిగిలింది. రుచి చూస్తే చక్కెర. నెత్తుటి నీరు కూడా తియ్యగానే ఉందని గమనించాడు. అంటే చక్కెర కిడ్నీలో పుట్టడం లేదు, ఖూన్‌లోంచే వస్తోంది. కొలవాల్సింది ఎక్కడో ఆ రోజు తెలిసింది. కాని ఇంట్లోనే కొలుచుకునే సాధనం రావడానికి మరో 200 ఏళ్ల దాకా పట్టింది.

నీలం నుంచి ఇటుక రంగు దాకా

మన పెద్దల్లో చాలామందికి గుర్తుండే పరీక్ష బెనెడిక్ట్ ద్రావణం. అమెరికా కెమిస్ట్ స్టాన్లీ బెనెడిక్ట్ 1900ల తొలి ఏళ్లలో తయారుచేశాడు. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీలి నీళ్లు పోసి, 8 చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే ఖైర్. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. ఎరుపు వచ్చిందంటే ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోయేవి.

ఈ పరీక్షలో రెండు లోపాలున్నాయి. ఖూన్‌లో చక్కెర సుమారు 180 దాటితే గాని కిడ్నీ దాన్ని మూత్రంలోకి వదలదు. కాబట్టి 170 ఉన్నా, 90 ఉన్నా, 45 ఉన్నా రంగు నీలమే. పైగా మూత్రం గంటల కింద సంచిలో చేరింది. అది ఇప్పటి ఖబర్ కాదు, పాత ఖబర్.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడికి ఇన్సులిన్ ఇచ్చారు. చావు బతుకుల్లో ఉన్న పిల్లవాడు లేచి కూర్చున్నాడు. కాని అక్కడి నుంచే కొలత గురించిన కొత్త చింత మొదలైంది. ఇన్సులిన్ లేనప్పుడు అంకె తప్పైతే తెలిసేది కొంచెం తక్కువ, అంతే. ఇన్సులిన్ వచ్చాక తప్పుడు అంకె చూసి సూది వేస్తే మనిషి నిద్రలోనే స్పృహ తప్పుతాడు. దవా బలం పెరిగేకొద్దీ తరాజు మీద భారం పెరిగింది. నలభై, యాభై ఏళ్ల పాటు జనం ఆ నీలి నీళ్ల అందాజ్ మీదే ఇన్సులిన్ వేసుకున్నారు.

వేలి చివర చుక్క

1960ల నడుమ ఏమ్స్ అనే కంపెనీ డెక్స్‌ట్రోస్టిక్స్ అనే స్ట్రిప్ తెచ్చింది. దాని మీద రక్తం చుక్క వేసి, 60 సెకన్లు ఆగి, నీళ్లతో కడిగి, రంగును డబ్బా మీది రంగులతో పోల్చాలి. మనిషి కన్నే ముల్లు. ఒకరికి లేత నీలంగా కనిపించేది మరొకరికి ముదురు. 1970 అటూ ఇటూ అదే కంపెనీకి చెందిన ఆంటన్ క్లెమెన్స్ ఆ రంగును కాంతితో చదివి అంకెగా చూపే మీటర్ తయారుచేశాడు. అది బరువైన, ఖరీదైన పెట్టె. ఆసుపత్రులకు, డాక్టర్లకు మాత్రమే అమ్మేవారు.

చిన్నప్పటి నుంచి షుగర్ ఉన్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికా ఇంజనీర్, భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద ఒకటి కొనిపించుకున్నాడు. రోజుకు అయిదారుసార్లు తన రక్తం తానే చూసుకుని, తిండి, ఇన్సులిన్ సరిచేసుకుంటూ పోయాడు. రోగి ఇంట్లో కూర్చుని తానే కొలుచుకోవచ్చని చెబితే పెద్ద డాక్టర్లు వినలేదు. చివరికి నడివయసులో మెడిసిన్ చదివి తానే డాక్టర్ అయ్యాడు. ఈ రోజు మన అమ్మీలు, ఖాలాలు పప్పు పొయ్యి మీద పెట్టి వేలు గుచ్చుకుని చూసుకుంటున్నారంటే అలాంటి జిద్దీ మనుషుల చలవే.

ఇక్కడ తెహ్రాన్ కూడా ఒకసారి చూసి రావాలి. 1968లో అక్కడి యూనివర్సిటీలో శామ్యూల్ రహ్బర్ అనే ఇరాన్ డాక్టర్ షుగర్ ఉన్నవారి రక్తంలో హిమోగ్లోబిన్ ఒక తేడా చూపుతోందని గుర్తుపట్టాడు. ఆ దారిలోనే మనం మూడు నెలల పరీక్ష అనే హెచ్‌బిఎ1సి వచ్చింది. అది మూడు నెలల మొత్తం హిసాబ్ చెబుతుంది. కాని ఏ రాత్రి 50కి పడింది, ఏ మధ్యాహ్నం 320కి ఎక్కింది అన్నది చెప్పదు. 50, 250 చూసిన మనిషికీ, రోజంతా 150 ఉన్న మనిషికీ ఒకే అంకె రావచ్చు. రక్తహీనత ఉంటే ఆ గవాహీ కూడా పక్కకు పోతుంది.

మీటర్లు ఇళ్లలోకి వచ్చాక ఒక పెద్ద సవాల్ లేచింది. తప్పు ఎంతుంటే ఫర్వాలేదు? 1987లో అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీకి చెందిన విలియం క్లార్క్, ఆయన సాథీలు ఒక పటం గీశారు. అడ్డంగా లాబ్ చెప్పిన అసలు అంకె, నిలువుగా మీటర్ చెప్పిన అంకె. పటాన్ని ఎ నుంచి ఇ దాకా అయిదు ఖానాలు చేశారు. ఎ ఖానాలో తేడా 20 శాతం లోపు, ఇబ్బంది లేదు. బిలో తేడా ఎక్కువే గాని దాన్ని నమ్మినా రోగికి హాని రాదు. సిలో అక్కరలేని ఇలాజ్ చేస్తాం. డిలో ఖత్రాను గుర్తుపట్టం. ఇలో ఉల్టా ఇలాజ్ చేస్తాం. చక్కెర పడిపోయిన మనిషికి ఇన్సులిన్, పెరిగిన మనిషికి షర్బత్.

నాకు ఈ పటం చాలా నచ్చింది. తప్పును అంకెల్లో కాక, దాన్ని నమ్మినవాడికి ఏమవుతుంది అన్న లెక్కలో కొలిచారు. 300 ఉన్నప్పుడు 330 చూపిస్తే కొంప మునగదు. 55 ఉన్నప్పుడు 85 చూపిస్తే మునుగుతుంది. రెండిట్లోనూ తేడా 30. దుకాణంలో బియ్యం తూచే తరాజు, బంగారం తూచే తరాజు ఒకటి కానట్టే.

చర్మం కిందికి దిగిన తీగ

వేలు గుచ్చితే వచ్చేది ఒక్క క్షణపు ఫోటో. రోజంతా చూడాలంటే తీగ ఒంట్లోనే ఉండాలి. దానికి బునియాద్ వేసింది లీలాండ్ క్లార్క్ అనే మరో అమెరికా శాస్త్రవేత్త. పటం గీసిన క్లార్క్ వేరు, ఈయన వేరు. 1962లో ఛాంప్ లయన్స్‌తో కలిసి ఆయన చెప్పిన ఉపాయం ఇది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌ను మాత్రమే పట్టుకుని ఆక్సిజన్‌తో కలుపుతుంది. ఆ పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఎంత ఆక్సిజన్ తగ్గిందో, లేదా ఎంత పెరాక్సైడ్ పుట్టిందో కరెంటు ద్వారా కొలిస్తే ఎంత గ్లూకోజ్ ఉందో తెలుస్తుంది. ఇప్పుడు చేతులకు అంటించుకునే సెన్సర్లలో చాలావరకు ఆ ఎంజైమ్ మీద నడిచేవే.

1982లో జపాన్‌లో షిచిరి బృందం సూదిలాంటి సెన్సర్‌ను ఒంటికి కట్టుకుని తిరగొచ్చని చూపింది. 1999లో మినిమెడ్ కంపెనీ సెన్సర్‌కి అమెరికాలో ఇజాజత్ వచ్చింది. మూడు రోజులు పెట్టుకోవాలి, వేలు గుచ్చి పాసంగం కడుతూ ఉండాలి, అంకెలు మాత్రం రోగికి కనిపించవు. మూడు రోజుల తర్వాత డాక్టర్ కంప్యూటర్‌లో చూసేవారు. 2001లో గ్లూకోవాచ్ అనే గడియారం వచ్చింది. సన్నని కరెంటుతో చర్మంలోంచి నీటిని లాగి కొలిచేది. చర్మం ఎర్రబడి మండేది, చెమట పడితే రీడింగ్ వదిలేసేది. కొన్నేళ్లకే మార్కెట్ నుంచి పోయింది.

2006లో డెక్స్‌కామ్ మొదటి సెన్సర్ వచ్చినప్పుడు అంకె నేరుగా రోగి కళ్ల ముందుకు వచ్చింది. కాని ఆ తొలి సెన్సర్ల తేడా సగటున 20 శాతానికి పైగానే. అందుకే వాటిని నమ్మి ఇన్సులిన్ వేసుకోవద్దు, ముందు వేలు గుచ్చి తస్దీఖ్ చేసుకోండి అని ఖానూన్. రోజుకు రెండుసార్లు వేలి అంకెను దానికి చెప్పాలి. అదీ చక్కెర నిలకడగా ఉన్నప్పుడే. అన్నం తిన్న గంటకు, చక్కెర ఎక్కుతున్నప్పుడు చెబితే ఆ తప్పు లోపల కూర్చుండిపోయి తర్వాతి అంకెలన్నీ వంకర పోయేవి. తరాజు ఊగుతున్నప్పుడు పాసంగం కట్టకూడదని మా అబ్బాకు తెలుసు. మిషన్ వాడేవారికి ఎవరూ ఆ ముక్క గట్టిగా చెప్పలేదు.

2014లో అబాట్ కంపెనీ ఫ్రీస్టైల్ లిబ్రే యూరప్‌లో వచ్చింది. 14 రోజులు ఉంటుంది, పాసంగం ఫ్యాక్టరీలోనే కట్టి పంపుతారు, వేలు గుచ్చి చెప్పే పని లేదు. సగటు తేడా 11.4 శాతం. 2016 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డిఎ మొదటిసారి ఒక సెన్సర్, డెక్స్‌కామ్ జి5, అంకెను చూసి వేలు గుచ్చకుండా ఇన్సులిన్ నిర్ణయం తీసుకోవచ్చని ఒప్పుకుంది. 2018 మార్చిలో జి6కు ఇజాజత్ ఇస్తూ ఇకపై ఇలాంటి సెన్సర్లకు ఏమేం ఉండాలో షరతులు రాసింది. అందులో ఒకటి నేను డైరీలో రాసుకున్నాను. సెన్సర్ 70 లోపు చూపిస్తున్నప్పుడు అసలు అంకె ఒక్కసారి కూడా 180 పైన ఉండకూడదు. సెన్సర్ 180 పైన చూపిస్తున్నప్పుడు అసలు అంకె 70 లోపు ఉండకూడదు. ఉల్టా గవాహీని అస్సలు సహించేది లేదన్నమాట. 1987 పటంలోని ఇ ఖానా గురించిన భయమే 2018 ఖానూన్‌లోకి వచ్చింది.

తొమ్మిది శాతం అంటే ఏమిటి

ఈ రోజు కంపెనీలు 8 శాతం, 9 శాతం అని చెప్పే అంకె ఎలా వస్తుందో చూద్దాం. లాబ్‌లో రక్తం 200 ఉండి సెన్సర్ 180 చూపితే తేడా 10 శాతం. రక్తం 100 ఉండి సెన్సర్ 112 చూపితే 12 శాతం. ఎక్కువా తక్కువా అని చూడకుండా ఇలాంటి వేల జతల తేడాలను కూడి సగటు తీస్తారు. అదే ఆ శాతం.

సగటు మంచిదే గాని కొన్ని సంగతులు దాచేస్తుంది. ముల్లు ఎప్పుడూ ఒకే వైపు వంగుతోందా అన్నది చెప్పదు. మొదటి రోజు తేడా మిగతా రోజులకంటే ఎక్కువుంటుందన్నది చెప్పదు. చక్కెర నిలకడగా ఉన్నప్పుడు బాగా చెప్పి, వేగంగా పడిపోతున్నప్పుడు వెనకబడే సంగతీ చెప్పదు. ఒక్కో కంపెనీ ఒక్కోరకం మనుషుల మీద, ఒక్కోరకంగా పరీక్ష చేస్తుంది. కాబట్టి ఒకరి 8నీ ఇంకొకరి 9నీ పక్కపక్కన పెట్టి ఇది గొప్ప అది తక్కువ అనడం ఇన్సాఫ్ కాదు.

అసలు సంగతి, సెన్సర్ కొలిచేది ఖూన్‌నే కాదు. చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. మా నంద్యాలవాళ్లకు కెసి కెనాల్ లెక్కలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద కాలువలో నీరు పెరిగినా, తగ్గినా చేలోని బోదెకు తెలియడానికి కొంతసేపు పడుతుంది. రక్తంలో మార్పు సెన్సర్‌కు చేరడానికి మామూలుగా 5 నుంచి 15 నిమిషాలు పట్టొచ్చు. నిలకడగా ఉన్నప్పుడు రెండూ ఒకటే. పడిపోతున్నప్పుడు అసలు అంకె సెన్సర్ చూపేదానికంటే కిందే ఉంటుంది.

ఆ రాత్రి అబ్బా 54 రహస్యం కూడా ఇక్కడే దొరికింది. సెన్సర్ మీద ఒరిగి పడుకుంటే అక్కడి చర్మం నొక్కుకుని నీటి కదలిక తగ్గుతుంది. బోదెకు రాయి అడ్డం పెట్టినట్టు. సెన్సర్‌కు గ్లూకోజ్ అందదు, అంకె పడిపోతుంది. పక్కకు తిరిగితే కొద్దిసేపట్లో మళ్లీ లేస్తుంది. మిషన్ అబద్ధం చెప్పలేదు. తన దగ్గరున్న నీటి సంగతి చెప్పింది. దాన్ని నేను అబ్బా ఖూన్ సంగతి అనుకున్నాను.

మాత్రలతో కూడా జాగ్రత్త. పాత డెక్స్‌కామ్ సెన్సర్లు పారాసిటమాల్‌ను కూడా చక్కెరగా లెక్కేసి ఎక్కువ చూపేవి. కొత్తవాటిలో మామూలు డోసుకు ఆ ఇబ్బంది తీసేశారు. లిబ్రే రకాల్లో కొన్నింటికి రోజుకు 500 మిల్లీగ్రాములు దాటిన విటమిన్ సి తో అంకె పెరుగుతుంది. వేలి స్ట్రిప్ కూడా ఫరిష్తా కాదు. దానికీ 15 శాతం దాకా ఛూట్ ఉంది. ఖర్జూరం అంటిన వేలు కడగకుండా గుచ్చితే ఆ తీపి కూడా లెక్కలోకి వస్తుంది. అమ్మీ ఆ రాత్రి తడిగుడ్డతో తుడవడం ఎంత పెద్ద పనో నాకు తర్వాత తెలిసింది.

ఇంకొకటి. సూది లేకుండా, తీగ లేకుండా, మణికట్టు మీద ఉత్తినే షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు గల్ఫ్ నుంచి వచ్చే సామాన్లలో కనిపిస్తున్నాయి. అలాంటివి తామంతట తాము షుగర్ కొలుస్తాయంటే నమ్మి వాడొద్దని, ఒక్కదానికి కూడా ఇజాజత్ ఇవ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డిఎ హెచ్చరించింది. సెన్సర్‌కు వంకర ఉన్నా ఎంతో తెలుసు. వీటికి ఎంతో ఎవరికీ తెలియదు.

రోజాలో ఈ అంకె ఎందుకు ముఖ్యం

2023లో వచ్చిన ఐసిఎంఆర్ అధ్యయనం లెక్కన మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్లు. మన ఖాన్‌దాన్‌లలో లేని ఇల్లు వెతకాలి. 2004లో ఎపిడియార్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. ఇండియాతో సహా 13 దేశాల్లో 12 వేలకు పైగా ముస్లిం షుగర్ రోగులను అడిగారు. టైప్ 2 వారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. ఆ నెలలో చక్కెర బాగా పడిపోయి ప్రాణం మీదికొచ్చిన సంఘటనలు మిగతా నెలలతో పోలిస్తే టైప్ 2లో 7.5 రెట్లు, టైప్ 1లో 4.7 రెట్లు పెరిగాయి.

అందుకే అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్, డార్ సంస్థ కలిసి ఇచ్చిన సూచనలు సాఫ్‌గా చెబుతాయి. 70 కంటే తగ్గినా, 300 కంటే పెరిగినా, ఒంట్లో నీరసం, చెమటలు, మైకం కనిపించినా రోజా విప్పేయాలి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోదు. ఈ ఒక్క ముక్క తెలియక మన పెద్దలు ఎందరు అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా కళ్లు తిరుగుతున్నా చూసుకోకుండా కూర్చున్నారో.

ఇప్పుడు ఆలోచించండి. గీత 70 దగ్గర గీశారు. సెన్సర్ తేడా పది శాతం. అసలు 66 ఉంటే అది 73 చూపొచ్చు. అసలు 76 ఉంటే 68 చూపొచ్చు. ఒక రోజా ఉండటం, విప్పడం ఆ ఏడెనిమిది అంకెల మధ్య వేలాడుతుంది. అంకె గవాహ్ మాత్రమే, ఖాజీ కాదు. గీత దగ్గరగా వచ్చినప్పుడు రెండో గవాహ్‌ను పిలవాలి. అంటే వేలి చుక్కను. మూడో గవాహ్ మన ఒళ్లు.

మా ఇంట్లో అలా జరగలేదు. పంతొమ్మిదో రోజా. అస్ర్ నమాజ్ అయింది. అబ్బా ఖురాన్ ముందు కూర్చున్నారు. ఫోన్ అరిచింది, 63. నేను స్ట్రిప్ మిషన్ తెచ్చాను. "వద్దు. అది ఝూటా అని ఆ రోజే తేలింది. ఇంకో గంటలో ఇఫ్తార్" అని చెయ్యి లాక్కున్నారు. బతిమాలాను. కోప్పడ్డారు. మా అబ్బా మా మీద గొంతెత్తే మనిషి కాదు. అరగంట గడిచింది. చదువుతున్న లైనే మళ్లీ మళ్లీ చదువుతున్నారు. చొక్కా చెమటతో తడిసిపోయింది. నన్ను తమ్ముడి పేరుతో పిలిచారు. అప్పుడు అమ్మీ ఇంకేం అడగకుండా చెయ్యి పట్టుకుని వేలు గుచ్చింది. 51. సెన్సర్ అప్పుడు 60 చూపిస్తోంది. మిషన్ ఝూటా కాదు సరికదా, ఉన్నదానికంటే నయంగానే చెబుతోంది.

మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉండగా రోజా విప్పించాం. తేరుకున్నాక అబ్బా చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బుద్ధి తెలిసిన నాటి నుంచి విడవని రోజా. మర్జ్ ఉన్నవారికి రుఖ్సత్ ఉందని, తర్వాత ఖజా చేసుకోవచ్చని ఆయనకు తెలియక కాదు. తెలిసిన సంగతి వేరు, మనసు వేరు.

ఆ రాత్రి నేను చాలాసేపు ఆలోచించాను. ఆ మొదటి రాత్రి నేను ఒక్క నిమిషం ఆగి, అబ్బాను పక్కకు తిప్పి, వేలు గుచ్చి చూసి ఉంటే ఆయన భరోసా పోయేది కాదు. తప్పుడు అలారం చేసిన చెడు ఆ ఒక్క రాత్రితో ఆగలేదు. రేపటి నిజమైన అలారం మాట కూడా చెల్లకుండా చేసింది. గల్తీ అంకెది కొంత, దాన్ని ఎలా వినాలో నేర్చుకోని నాది ఎక్కువ.

ఈద్ అయ్యాక అబ్బాను కూర్చోబెట్టి పాసంగం సంగతి చెప్పాను. "ఖాళీ తరాజు చూసినట్టే ఇదీ చూడాలి అబ్బా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే దుకాణం పాత ఖాతా పుస్తకం వెనక పేజీల్లో గీతలు కొట్టి మూడు ఖానాలు చేసుకున్నారు. సెన్సర్, వేలు, తేడా. కొత్త సెన్సర్ పెట్టిన మొదటి రోజు రెండుసార్లు, తర్వాత ఒంటికి ఒక మాట, ఫోన్‌కి ఒక మాట అనిపించినప్పుడల్లా చూసి రాస్తారు. చక్కెర నిలకడగా ఉన్నప్పుడే చూస్తారు. ఈ ఖాతాతో సెన్సర్ మారదు. దాని మాట ఎటు వంగుతుందో ఆయనకు తెలుస్తుంది. అది చాలు. ఇన్సులిన్ డోసు మార్చాల్సి వస్తే ఆ పుస్తకం తీసుకుని డాక్టర్ దగ్గరికే వెళ్తాం.

మీ ఇంట్లో కూడా పెద్దల చేతికి ఈ బిళ్ల ఉంటే వచ్చే రంజాన్‌కు నెలరోజులు ముందే డాక్టర్‌ను కలవండి. రోజా ఉండొచ్చా, మాత్రలు ఎలా మార్చుకోవాలి అడగండి. ఇంట్లో స్ట్రిప్ మిషన్ పారేయకండి. సెన్సర్ ఉన్న వైపు ఒత్తిగిలి పడుకోవద్దని చెప్పండి. అలారం మోగితే ముందు మనిషి ముఖం చూడండి, తర్వాత అంకె చూడండి. మనిషి మాటలో తేడా ఉంటే మాత్రం ఏ లెక్కా వద్దు, ముందు తీపి నోట్లో పెట్టండి.

నిన్న తమ్ముడు రియాద్ నుంచి ఫోన్ చేసి, "అబ్బా, ఇప్పుడు 92 చూపిస్తోంది, ఠీక్ హై నా?" అన్నాడు. అబ్బా ఖాతా పుస్తకం తిప్పి చూసుకుని, "ఈ సెన్సర్ పది తక్కువ చెప్తుంది బేటా. నువ్వు హాయిగా పడుకో" అన్నారు.

అల్లాహ్ అందరికీ షిఫా ఇవ్వాలి. దువాలో యాద్ ఉంచుకోండి.